కత్తెర పట్టిన కథల తాత



ఈసారి బాలల దినోత్సవం సంచికకు ఒక్కొక్కరం ఒక గొప్ప మనిషి జీవితం రాయాలని తెలుగు మేడం చెప్పారు. మా క్లాసులో చాలామంది నెహ్రూ గారిని, అంబేద్కర్ గారిని, కొమురం భీమ్‌ను తీసుకున్నారు. నేను హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్‌ను తీసుకున్నాను. ఆయనెవరే అని మా గదిలో వాళ్ళు అడిగారు. అందవికారపు బాతుపిల్ల కథ మనందరికీ తెలుసు. బాతులన్నీ ఎక్కిరించిన పిల్ల చివరికి హంస అయితది కదా, ఆ కథ రాసింది ఆయనే. కానీ నేను ఆయన్ని కథల కోసం తీసుకోలేదు. ఆయన చేతిలో కత్తెర కోసం తీసుకున్నాను. మనం ఆదివారాలు చిన్నపిల్లలతో కూర్చుని కాగితంతో జంతువుల మాస్కులు చేస్తున్నాం కదా. ఆయన కూడా అట్లాంటి పనే చేసేవాడు. లైబ్రరీ బీరువాలో ఆయన గురించి ఉన్న పుస్తకం చదివాను. ఆయన కత్తిరించిన బొమ్మల ఫొటోలు సైన్స్ సార్ కంప్యూటర్ గదిలో చూపించారు.

పుట్టుక, ఇల్లు

ఆండర్సన్ 1805 ఏప్రిల్ 2వ తేదీన డెన్మార్క్ దేశంలో ఒడెన్స్ అనే ఊళ్ళో పుట్టాడు. డెన్మార్క్ ఐరోపా ఖండంలో ఉంది. బాగా చలి దేశం. వాళ్ళ నాయన చెప్పులు కుట్టేవాడు. అమ్మ వేరేవాళ్ళ బట్టలు ఉతికేది. ఇల్లంటే ఒక్కటే గది. నాయన పని చేసుకునే బల్ల, మంచం, పిల్లవాడు పడుకునే చోటు అన్నీ అందులోనే. ఆ మంచం కూడా కొన్నది కాదు. ఎవరో పెద్ద దొర చనిపోతే ఆయన శవపేటికను ఉంచిన చెక్కలు తెచ్చి నాయనే చేశాడు. చెక్కలకు నల్లగుడ్డ పీలికలు అంటుకుని ఇంకా ఉండేవట.

ఆ నాయనకు చదువంటే ప్రాణం. కానీ చిన్నప్పుడు బడికి పంపేవాళ్ళు లేక చెప్పుల పనిలో పడ్డాడు. ఒకరోజు పెద్ద బడిలో చదివే కుర్రవాడు బూట్లు కుట్టించుకోవడానికి వచ్చి తన పుస్తకాలు చూపించాడు. అప్పుడు నాయన కళ్ళల్లో నీళ్ళు తిరగడం చిన్న ఆండర్సన్ చూశాడు. ఇది చదివినప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. నేను ఆరో తరగతిలో చేరిన రోజు మా నాయన నా సాంఘికశాస్త్రం పుస్తకం తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. తలకిందులుగా పట్టుకున్నావని నేను చెప్పలేదు.

ఆండర్సన్ వాళ్ళ నాయన ఖాళీ దొరికినప్పుడల్లా కొడుక్కి బొమ్మలు చేసిచ్చేవాడు. మార్చి మార్చి చూపించే బొమ్మలు చేశాడు. చిన్న నాటకశాల కూడా చేశాడు. రాత్రిపూట అరేబియన్ రాత్రుల కథలు చదివి వినిపించేవాడు. పిల్లవాడు గుడ్డపీలికలతో ఆ బొమ్మలకు బట్టలు కుట్టి ఒక్కడే కూర్చుని నాటకాలు ఆడించుకునేవాడు. మిగతా మగపిల్లలు వీధిలో ఆడుకుంటుంటే ఇతను సూది దారం పట్టుకునేవాడు. అందుకు నవ్వేవాళ్ళు.

నాయన 1812లో డబ్బుల కోసం వేరొకరి బదులు సిపాయిగా పోయాడు. 1814లో తిరిగొచ్చాడు గానీ ఆరోగ్యం పాడైపోయింది. 1816లో చనిపోయాడు. అప్పుడు ఆండర్సన్‌కు 11 ఏళ్ళు. ఇక అమ్మ ఒక్కతే. ఆ అమ్మ చిన్నప్పుడు వాళ్ళవాళ్ళు అడుక్కు రమ్మని పంపితే అడగలేక వంతెన కింద కూర్చుని రోజంతా ఏడ్చిందట. పెద్దయినాక అదే ఒడెన్స్ ఏట్లో, చల్లని నీళ్ళలో నిలబడి బట్టలు ఉతికింది.

వాళ్ళ తాత

ఇప్పుడు తాత సంగతి. నాయన వాళ్ళ నాయన. ఆయనకు మతి స్థిమితం లేదు. కానీ చేతిలో మంచి పని ఉంది. కర్ర తీసుకుని వింత బొమ్మలు చెక్కేవాడు. జంతువు తలకాయ పెట్టుకున్న మనుషులు, రెక్కలున్న జంతువులు, ఎవరూ చూడని పక్షులు. వాటిని బుట్టలో పెట్టుకుని పల్లెల్లోకి పోయి పిల్లలకు పంచేవాడు. పల్లె ఆడవాళ్ళు ఆయనకు తిండిగింజలు, తినేవి ఇచ్చి పంపేవాళ్ళు. పల్లెలో ఆయన్ని ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. పట్నంలోకి వస్తేనే పోకిరి పిల్లలు వెంటపడి అరిచేవాళ్ళు. ఒకరోజు అట్లా అరుస్తూ తరుముతుంటే చిన్న ఆండర్సన్ చూశాడు. తాత దగ్గరికి పోలేదు. భయపడి మెట్ల వెనక దాక్కున్నాడు. ఆ ముసలాయన రక్తమే తనలో ఉందని తెలుసు కాబట్టే దాక్కున్నాడు. పెద్దయినాక ఆయనే ఈ సంగతి తన జీవితకథలో దాచకుండా రాశాడు.

ఇక్కడికి రాగానే నేను పుస్తకం మూసేశాను. ఎందుకు మూశానో చివర చెప్తాను.

పద్నాలుగేళ్ళకు ప్రయాణం

నాటకాల్లో చేరాలని ఆండర్సన్ 1819 సెప్టెంబరులో ఇల్లు వదిలి రాజధాని కోపెన్‌హాగన్ పోయాడు. అప్పటికి ఆయనకు 14 ఏళ్ళు. ఇప్పుడు నా వయసు. చేతిలో 13 రిగ్స్‌డాలర్లు ఉన్నాయి. అక్కడ తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. అమ్మకు పంపడం ఇష్టం లేదు. సోదె చెప్పే ముసలమ్మను అడిగితే, ఈ పిల్లవాడు గొప్పవాడవుతాడు, ఇతని కోసం ఒకరోజు ఒడెన్స్ అంతా దీపాలు పెడతారు అని చెప్పిందట. అప్పుడు అమ్మ ఒప్పుకుంది.

కోపెన్‌హాగన్‌లో మూడేళ్ళు నానా కష్టాలు పడ్డాడు. పాట నేర్చుకుంటే గొంతు మారిపోయింది. నాట్యం నేర్చుకుంటే ఆ పొడుగు కాళ్ళకు రాలేదు. మనిషి పొడుగు, ముక్కు పెద్దది, బట్టలు పొట్టి. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. తిండికి లేని రోజుల్లో కూడా దుకాణాలకు పోయి పట్టుగుడ్డ ముక్కలు అడిగి తెచ్చుకుని బొమ్మలకు బట్టలు కుట్టుకునేవాడట. మా గదిలో అక్కలు నన్ను ఎప్పుడూ అంటారు, ఆకలైనా ఈ పిల్ల కాగితాలు ఏరుకుంటది అని. ఇక నుంచి అననివ్వండి, నాకేం బాధ లేదు.

బడి

నాటకశాల పెద్దల్లో జోనాస్ కొలిన్ అనే మంచి మనిషి ఉన్నాడు. ఈ పిల్లవాడికి ముందు చదువు కావాలని ఆయన గుర్తించాడు. రాజుగారి డబ్బుతో 1822లో స్లాగెల్సే ఊరి బడికి పంపించాడు. ఆండర్సన్‌కు 17 ఏళ్ళు, పక్కన కూర్చున్నవాళ్ళు చిన్నపిల్లలు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు మైస్లింగ్ అందరి ముందు ఆయన్ని ఎగతాళి చేసేవాడు. తర్వాత వేరే ఊరికి మారినా అదే గురువు, అదే మాటలు. ముసలితనం వరకు ఆ బడి ఆయనకు కలలో వచ్చి భయపెట్టేదట. అయినా చదువు మానలేదు. 1828లో విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష పాసయ్యాడు. స్పెల్లింగ్ తప్పులు మాత్రం పెద్ద రచయిత అయినాక కూడా పోలేదు. తప్పులు రాసేవాళ్ళకు బుర్ర లేదనుకోవద్దు అని నాకు అర్థమైంది.

కథలు, కత్తెర

1835లో ఆయన పిల్లల కథల మొదటి చిన్న పుస్తకం వచ్చింది. నాలుగే కథలు. అందులో చిట్టి ఇడా పూలు అనే కథ ఉంది. ఒక విద్యార్థి ఒక చిన్నపాపకు కథలు చెప్తూ కాగితం కత్తిరించి బొమ్మలు చేసిస్తాడు. గుండెకాయ ఆకారం లోపల నాట్యం చేసే చిన్న అమ్మాయిలు, తలుపులు తెరుచుకునే కోటలు. ఒక పెద్దాయనకు అది నచ్చదు. పిల్లల బుర్ర పాడు చేస్తున్నాడని సణుగుతాడు. ఇడా అనే పాప నిజంగానే ఉంది. ఆమె ఆండర్సన్ స్నేహితుని కూతురు. ఇక ఆ విద్యార్థి ఎవరో చెప్పనక్కరలేదు.

తర్వాత జలకన్య, రాజుగారి కొత్త బట్టలు 1837లో వచ్చాయి. తగరపు సిపాయి 1838లో వచ్చింది. అందులో కూడా కాగితం నాట్యకత్తె ఉంది, కాగితం కోట ఉంది, పేపరు పడవ ఉంది. అందవికారపు బాతుపిల్ల 1843లో, అగ్గిపుల్లలమ్మే పిల్ల 1845లో వచ్చాయి. మొత్తం 150 పైన కథలు రాశాడు.

ఆయన ఇంటి పెళ్ళి చేసుకోలేదు. పిల్లలు లేరు. స్నేహితుల ఇళ్ళకు భోజనానికి పోయి వాళ్ళ పిల్లల మధ్య కూర్చునేవాడు. జేబులోంచి కత్తెర తీసేవాడు. చిన్నది కాదు, పెద్ద కత్తెర. అంత పెద్ద చేతులతో, అంత పెద్ద కత్తెరతో అంత సన్నని పని ఎట్లా చేసేవాడని చూసినవాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు. కాగితాన్ని మడతపెట్టి, పెన్సిలుతో గీసుకోకుండానే, కథ చెప్తూ కత్తిరించేవాడు. కాగితం తిరుగుతూ ఉంటుంది, ముక్కలు ఒళ్ళో రాలుతుంటాయి, కథ నడుస్తుంటుంది. కథ అయిపోయాక మడత విప్పితే హంసలు, కొంగలు, నాట్యకత్తెలు, సూర్యుడి ముఖం, దయ్యం ముఖం, మనిషి ఆకారంలో గాలిమర. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ బొమ్మలు వందల కొద్దీ ఇప్పటికీ డెన్మార్క్‌లో భద్రంగా ఉన్నాయి. కత్తిరించిన పేపరు బొమ్మలు అంటించి స్నేహితుని మనవరాళ్ళకు బొమ్మల పుస్తకాలు కూడా చేశాడు. ముసలితనంలో, 1873-74లో, జబ్బుగా ఉన్నప్పుడు గదిలో పెట్టుకునే పెద్ద మడత తెర నిండా పుస్తకాల్లోంచి, పేపర్లలోంచి కత్తిరించిన బొమ్మలు అంటించాడు.

నాకేమనిపిస్తుందంటే, ఆ చేతిపని ఏ బడిలోనూ నేర్చింది కాదు. బొమ్మల నాటకశాల నాయనది. జంతుతలల మనుషులు తాతవి. తాత బుట్టలో పెట్టుకుని పల్లె పిల్లలకు పంచాడు. మనవడు కాగితంలో కత్తిరించి పట్నం పిల్లలకు పంచాడు. మెట్ల వెనక దాక్కున్న పిల్లవాడే ఆ పని చేశాడు.

అమ్మ 1833లో చనిపోయింది. ఆ కబురు ఆయనకు దూరాన రోము నగరంలో ఉన్నప్పుడు అందింది. కొడుకు పిల్లల కథల పుస్తకం ఆమె చూడనేలేదు. ఉన్నా చదవడం రాదు. చల్లనీళ్ళలో నిలబడలేక సారా తాగేదని జనం ఆమెను పనికిరానిది అనేవాళ్ళు. తర్వాత ఆయన ఒక చాకలి తల్లి మీద కథ రాశాడు. కథ పేరు కూడా ఆ నింద మాటే. కానీ చదివితే ఆ తల్లి ఎంత మంచిదో తెలుస్తుంది.

మా ఆదివారాలు

ఇక మన హాస్టల్ సంగతి. మాస్కులు మొదలుపెట్టిన రోజు నేను చేసిన తప్పు అందరూ చూశారు. కాగితం మడిచి మడత వైపు వదిలేసి తెరిచి ఉన్న వైపు సగం ముఖం కత్తిరించమన్నాను. విప్పితే ముఖం నడిమికి రెండు ముక్కలయింది. నాలుగో తరగతి పిల్లలు గొల్లున నవ్వారు. మడత వైపు ముక్కు రావాలి, తెరిచిన వైపు చెవులు రావాలి. ఇది గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు ఎట్లా చేస్తున్నామో చెప్తా. వార్డెన్ మేడం గారు ఇచ్చిన పాత పేపర్లు, స్టోర్ రూములో ఖాళీ సబ్బుల అట్టపెట్టెలు తీసుకుంటాం. ముందు పేపరు మడిచి సగం ముఖం కత్తిరించి విప్పి పిల్ల ముఖానికి పెట్టి చూస్తాం. కళ్ళు ఎక్కడ వస్తాయో వేలితో మెల్లగా గుర్తు పెట్టి, మాస్కు తీసినాకే కంతలు చేస్తాం. ముఖం మీద ఉన్నప్పుడు కత్తెర పెట్టొద్దు. తర్వాత అట్ట మీద పెట్టి గీసి కత్తిరించి, మైదా లైతో పేపరు ముక్కలు రెండు పొరలు అంటిస్తాం. ఒకరోజు నీడలో ఆరాలి. ఎండలో పెడితే వంకర తిరుగుతుంది. నలుపుకు బొగ్గు, పసుపుకు వంటింటి పసుపు. ఎలుగుబంటికి కొబ్బరిపీచు అంటిస్తే వెంట్రుకల్లాగే ఉంటది. అడవిదున్న కొమ్ములు మొదట వాలిపోయాయి. పేపరు గట్టిగా చుట్టి లోపల సన్న పుల్ల పెడితే నిలబడ్డాయి.

మూడో తరగతిలో ఒక చెల్లి ఉంది. పేరు రాయను. జూన్‌లో వచ్చింది. రాత్రిళ్ళు ఏడ్చేది. తెలుగు రాదు, మన కోయ మాట కూడా ఎవరితోనూ మాట్లాడేది కాదు. అన్నం కాడ చెయ్యితో చూపించేది. వాళ్ళమ్మ వచ్చి తీసుకపోతానంటే మేడం గారు దసరా దాకా ఆగమన్నారు. ఆ చెల్లికి అడవిదున్న మాస్కు పెట్టాము. అద్దం ముందు కాసేపు నిలబడింది. తర్వాత దున్నలాగా అరిచింది. అందరం ఉలిక్కిపడ్డాం. మాస్కు లోపలి నుంచి కోయలో అడిగింది, నిజం కొమ్ములు తలకు ఎట్లా కడతారు అని. ముఖం కనపడకపోతే దానికి మాట వచ్చింది. ఆ రోజు నుంచి మొదట మాస్కు పెట్టుకుని, తర్వాత తీసేసి మాట్లాడుతుంది. దసరాకు ఇంటికి పోయి తిరిగొచ్చింది కూడా.

కానీ దాని ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. తెలియదన్నాను. అది అబద్ధం.

చివర చెప్తానన్న మాట

మా తాత కొమ్ము ఆట ఆడతాడు. అడవిదున్న కొమ్ములు, నెమలీకలు తలకు కట్టుకుని పెద్ద డోలు మెడకు వేసుకుని ఆడతాడు. మా ఊళ్ళో భూమి పండుగకు, పెళ్ళిళ్ళకు ఆయన లేకుండా ఆట లేదు. కొమ్ములకు గుడ్డ ఎట్లా చుట్టాలో, తలకు బరువు తెలియకుండా ఎట్లా కట్టాలో చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని చూశాను.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మనల్ని భద్రాచలం తీసుకపోయారు, గుర్తుందా? బస్టాండు కాడ ఏదో కార్యక్రమానికి వచ్చిన ఆటవాళ్ళు నిలబడి ఉన్నారు. అందులో మా తాత ఉన్నాడు. వేరే ఏదో బడి పిల్లలు, మంచి బూట్లు వేసుకున్నవాళ్ళు, కొమ్ములు చూసి వేళ్ళు నెత్తి మీద పెట్టుకుని ఎద్దులాగా అరిచి నవ్వారు. తాత వాళ్ళను ఏమీ అనలేదు. మన లైను వైపు చూస్తున్నాడు. నా కోసమే చూస్తున్నాడు. నేను గాజుల బండి వెనక్కి పోయి దాక్కున్నాను. బస్సు ఎక్కేదాకా బయటికి రాలేదు. కడుపునొప్పి అని మీతో చెప్పాను. తర్వాత సెలవులకు ఇంటికి పోతే తాత ఏమీ అడగలేదు. చూశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. రెండేళ్ళు ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఆండర్సన్ తాత గురించి చదివినాక ఇక దాచబుద్ధి కాలేదు.

ముగింపు

1867 డిసెంబరు 6న ఒడెన్స్ వాళ్ళు ఆండర్సన్‌ను పిలిచి గౌరవ పౌరుణ్ణి చేశారు. ఆ రాత్రి ఊరంతా దీపాలు పెట్టారు, దివిటీలతో ఊరేగింపుగా వచ్చారు. సోదె ముసలమ్మ చెప్పింది నిజమైంది. పాపం ఆయనకు ఆ రోజే విపరీతమైన పన్నునొప్పి. కిటికీలోంచి చల్లగాలి కొడుతుంటే నొప్పితోనే దీపాలు చూశాడు. తాతను తరిమింది ఆ ఊరి వీధుల్లోనే. అవి చూసేసరికి తాత, నాయన, అమ్మ ఎవరూ లేరు.

ఆండర్సన్ 1875 ఆగస్టు 4న చనిపోయాడు. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 2ను 1967 నుంచి అంతర్జాతీయ బాలల పుస్తక దినంగా జరుపుతున్నారు.

మా తాత ఉన్నాడు. బాగానే నడుస్తాడు. అందుకని వార్డెన్ మేడం గారికి ఈ గోడపత్రిక ద్వారా ఒక మనవి. వచ్చే నెల పేరెంట్స్ వచ్చే ఆదివారం మా తాతను కొమ్ములు, డోలు తీసుకుని రమ్మని కబురు పెట్టాను. గేటు కాడ ఆపకుండా లోపలికి రానివ్వాలి. మూడో తరగతి చెల్లి అడిగిన ప్రశ్నకు ఆయనే జవాబు చూపిస్తాడు. గేటు దగ్గరికి ఎదురు నేను పోతాను. డోలు నేను మోస్తాను.

మాస్కులు డైనింగ్ హాలు గోడకు కట్టాము. చూడండి, ముట్టుకోండి, చింపొద్దు. రాతలో తప్పులుంటే మన్నించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని